పూడ్చిన బోదె

అమలాపురం ఇంజనీరు గీసిన ప్లాను చూసి మా ఆవిడ, "ఇది ఇల్లా అండీ, అద్దాల బీరువానా?" అంది. నాకు చుర్రుమంది. తొంభైల చివర్లో మా ఊళ్లో అందరూ అగ్గిపెట్టెల్లాంటి డాబాలు కడుతుంటే, తోటలో కలిసిపోయే ఇల్లు నేనొక్కణ్ణే కడుతున్నానని నా గర్వం. హాలుకి తూర్పున నిలువెత్తు గాజు కిటికీ, ముందు పచ్చిక, ఆ వెనక కొబ్బరిచెట్లు. ఒక్క చెట్టు కూడా కొట్టలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను. చెట్టు కొట్టలేదు గానీ బోదె పూడ్చేశాను.

కొబ్బరితోటల్లో చెట్ల వరసల మధ్య వాననీరు పోయే సన్నకాలువని బోదె అంటాం. మా స్థలంలోది పక్కింటి పెరట్లో మొదలై, మా చెట్ల మధ్యగా వెళ్లి మురుగుకాలువలో కలిసేది. స్థలం మెరక చేయిస్తున్నప్పుడు తాపీమేస్త్రి అడ్డుపడ్డాడు.

"ఆ బోదె వదిలెయ్యండి బాబుగారూ. మాస్టారి పెరట్లో నీళ్లు ఎటు పోతాయండీ?"

"ఎటో అటు పోతాయి. పచ్చిక మధ్యలో గొయ్యి పెట్టుకుంటామా?" అన్నాను.

ఇంకో రెండుసార్లు చెప్పాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే.

పక్కిల్లు రిటైరైన మాస్టారిది. వాళ్ల నాన్న మా చేలో పనిచేసిన మనిషి. ఈయన చదువుకుని పంతులుగారై, ఆదివారం చర్చిలో పాటలు పాడిస్తూ, ఆ మట్టిగోడల పెంకుటింట్లోనే ఇద్దరు ఆడపిల్లల్ని నర్సుల్ని చేశారు. నాకంటే పాతికేళ్లు పెద్ద. అయినా నన్ను అండీ అనేవారు. నేనూ అండీ అనేవాణ్ణే అనుకోండి, కానీ ఆయన అండీకీ నా అండీకీ తేడా ఉందని ఇద్దరికీ తెలుసు. బోదెలో మట్టి దిమ్మరిస్తున్న రోజు ఆయన తన పెరట్లో నిలబడి చూశారు. నన్నేమీ అనలేరని నాకు తెలుసు. తెలిసే పూడ్పించాను, సిగ్గు లేకుండా.

గృహప్రవేశమైన ఏడాదే వాయుగుండం పట్టింది. రెండో రోజు పొద్దున్న కాఫీ పట్టుకుని కిటికీ ముందు కూచుంటే, ప్రహరీ అవతల వాళ్ల పెరడు చెరువులా కనిపించింది. వంటింటి మట్టిగోడ అడుగున మూరెడు మేర నానిపోయి నల్లబడింది. మాస్టారూ ఆయన భార్యా బియ్యం డబ్బా మోసుకొచ్చి అరుగు మీద మంచం ఎక్కిస్తున్నారు.

"ప్రహరీకి ఓ కన్నం కొట్టించి, పాత బోదె జాడన చిన్న కాలువ తీయించండి. పాపం, ఆ గోడ ఆగదు," అంది మా ఆవిడ.

ఇద్దరు మనుషులకి పూట పని. కానీ నా పచ్చికని నిలువునా తవ్వాలి. "వాన తగ్గనీ, చూద్దాం," అని కర్టెన్ లాగేశాను. అవును, లాగేశాను. తోట కనబడాలని పోరి పెట్టించుకున్న కిటికీకి!

మర్నాడు మధ్యాహ్నం ఆ గోడ కూలింది. ఇద్దరూ ముందుగదిలో ఉన్నారు కాబట్టి బతికిపోయారు. పెళ్లలు సగం మా ప్రహరీ మీద పడ్డాయి.

కాసేపటికి వాన తెరిపిచ్చాక మాస్టారు మా గేటు దగ్గరికి వచ్చారు. పంచె మోకాళ్ల దాకా బురద. నిలదీస్తారనుకున్నాను. నాలుగు తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మా గోడ మీ ప్రహరీ మీద పడిందండీ," అన్నారు. "కొత్త రంగంతా మట్టయిపోయింది. ఏమీ అనుకోకండి. ఎండ కాయగానే నేనొచ్చి కడిగేస్తానండి."

నిజం నోటిదాకా వచ్చింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నా మొహంలోకే చూస్తోంది. గోడ కూలిన చప్పుడికి వచ్చిన నాలుగిళ్లవాళ్లూ రోడ్డు మీదే ఉన్నారు.

"ఆయ్, ఫర్వాలేదండీ మాస్టారూ," అన్నాను. క్షమించేసినట్టు తల కూడా ఊపాను.