లూపే కోసం వేరే దారి

నడిసముద్రంలోని హాపై దీవుల్లో ఫెలేటి పనిచేసే ప్రభుత్వ భవనం ఎంత చిన్నదంటే, ఈ చివర ఆసుపత్రిలో ఎవరైనా తుమ్మితే ఆ చివర మత్స్యశాఖ పెద్దాయన సియోసీ దీవించేవాడు. రెంటికీ రౌటర్ ఒక్కటే. చేపల లెక్కలూ రోగుల కాగితాలూ ఆ ఒక్క పెట్టెలోంచే రాకపోకలు సాగించేవి. దాన్ని కనిపెట్టుకుని ఉండటమే ఫెలేటి ఉద్యోగం.

ఒకనాడు ఆసుపత్రిలో తీసిన గర్భిణి స్కానింగు బొమ్మ మత్స్యశాఖ ప్రింటర్లోంచి ఊడిపడింది. రెండు ప్రింటర్లకూ ఎవరో ఒకే నంబరు ఇచ్చారు.

సియోసీ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఒరే ఫెలేటీ, ఇదేం చేపరా? దీనికి ముక్కుంది!"

అందరూ పడీపడీ నవ్వారు. ఫెలేటీ నవ్వాడు. మర్నాడు మేనత్త కలోలైన్ వచ్చేసరికి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

"మీ చెల్లెలు లూపే స్కానింగుకి రానంటోంది."

ఫెలేటి తల దించుకున్నాడు. చెల్లెలు కడుపుతో ఉందని తెలిసినా తెలియనట్టే ఉండాలి. ఆ దీవుల్లో పెద్దయ్యాక అన్నాచెల్లెళ్ళు ఒకచోట కూర్చుని సినిమా కూడా చూడరు. ఆమె ఒంటి సంగతి అతని చెవిన పడకూడదు. అక్కడ గౌరవమంటే అదే.

"దాని బొమ్మ నీ పెట్టెలోంచి పోయి నీ కంట పడితే సిగ్గుతో చచ్చిపోతుందట. పడవెక్కి పెద్దదీవికి పోతానంటోంది. కాళ్ళు వాచాయి, బీపీ ఎక్కువుంది. ఈ అలల్లో పడవేంట్రా?"

"అత్తా, ఇవన్నీ నాకు చెప్పకూడదు కదా!"

"నీకెవడు చెప్పాడు? గోడకి చెబుతున్నా. నీ చెవులు అడ్డమొస్తే నేనేం చెయ్యను?"

లూపే పెద్దమనిషైనప్పుడు అన్నాచెల్లెళ్ళు ఎదురుపడకుండా వాళ్ళ నాన్న ఇంటికి రెండో వాకిలి పెట్టించాడు. ఇల్లు మాత్రం అదే. అది గుర్తొచ్చి ఫెలేటి లేచాడు.

సాయంత్రానికల్లా రౌటర్లో ఏది ఎటు పోవాలో చెప్పే దారుల పట్టిక ఒకటిగా ఉంటే, దాన్ని రెండు చేశాడు. ఆసుపత్రి తీగలు ఒకదానికి, మత్స్యశాఖవి మరొకదానికి. ఒక పట్టికలోని దారులు రెండోదానికి తెలియవు. ఇప్పుడు ప్రింటర్ల నంబరు ఒకటే అయినా, రెండు ఊళ్ళలో ఒకే పేరున్న మనుషుల్లా ఎవరి ఉత్తరం వాళ్ళకే అందుతుంది. ఆసుపత్రి పట్టిక తెరిచే పాస్‌వర్డు అక్కడి నర్సమ్మకే అప్పగించి, తను దాని మొహం చూడనన్నాడు.

"ముక్కున్న చేపలు ఇక రావేంట్రా?" అని సియోసీ బెంగపడ్డాడు.

సంగతి అత్త చెప్పాక లూపే స్కానింగుకి వచ్చింది. ఫెలేటి రౌటరు పక్కనే నేలమీద కూర్చున్నాడు. ఆసుపత్రి తీగ దగ్గర పచ్చదీపం గబగబా మినుకుమంది. బొమ్మ పెద్దదీవి డాక్టరుకు వెళుతోంది. ఆ దీపాన్నయినా చూడటం తప్పేమోనని అతను గోడవైపు తిరిగాడు.

చాలాసేపటికి వెనక అత్త అడుగుల చప్పుడైంది.

"గోడా, విను. బిడ్డ బాగుంది. మందులు ఇక్కడే ఇస్తారట, పడవ అక్కర్లేదు. ముక్కు మాత్రం అచ్చం మేనమామదే, పాపం."

ఫెలేటి వెనక్కి తిరగలేదు. అత్త వెళ్ళిపోయాక మెల్లిగా తన ముక్కు తడిమి చూసుకున్నాడు.