మనవరాలికి చెప్పాల్సిన మాట

పోయిన అక్టోబరులో లండన్ నుంచి కేంబ్రిడ్జ్ వెళ్ళే రైల్లో నా ఎదుట ఒక ఫ్రెంచి ముసలాయన కూర్చున్నాడు. ఆయన గోళ్ళ సందుల్లో ద్రాక్షరసం మరకలు ఇంకా వదల్లేదు. తడబడే ఇంగ్లీషులో తనే నన్ను పలకరించాడు.

"'మీ నాన్న నిద్రపోతున్నాడు.' ఇంగ్లీషులో ఈ మాట తప్పుల్లేకుండా ఉందా అండీ?"

"బాగానే ఉంది. ఎవరికి చెప్పాలి?"

"నా మనవరాలికి. ఆరేళ్ళు. ఫ్రెంచి రాదు."

కేంబ్రిడ్జ్‌లో ఉండే ఆయన కొడుకు ఏటా ద్రాక్షకోతలకి సొంతూరు వెళ్ళేవాడట. వైన్ కోసం పళ్ళు పులియబెట్టేటప్పుడు తొట్టిలో ఊపిరాడనివ్వని వాయువు చేరుతుంది. ఈసారి తొట్టిలో పడిన పార తీయడానికి దిగినవాడు మళ్ళీ పైకి రాలేదు. అంత్యక్రియలైన మధ్యాహ్నమే ఊరంతా కోతకి వెళ్ళింది. ఈయనా వెళ్ళాడు.

"పళ్ళు ఆగవు కదా," అన్నాడు. "కోడలు వచ్చి చూసి వెళ్ళింది. పాపకి చెప్పడం మాత్రం తన వల్ల కాలేదు. మీరే వచ్చి చెప్పండి అంది."

మా అమ్మాయిదీ అదే వయసు. తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబిస్తుంది.

"నిద్రపోతున్నాడంటే, ఎప్పుడు లేస్తాడని అడుగుతుందండీ," అన్నాను. "చనిపోయాడనే చెప్పండి."

అది ఇంగ్లీషులో ఎలా అనాలో నా చేత చెప్పించుకున్నాడు. స్టేషన్ వచ్చేదాకా కిటికీవైపు తిరిగి పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

టికెట్ గేట్లు దాటగానే, తల్లి చెయ్యి విడిపించుకుని ఒక పాప పరిగెత్తుకొచ్చింది. ఆయన నేలమీద మోకరిల్లి చేతులు చాచాడు. పాప ఆయన్ని దాటి గేట్ల దాకా పోయి, వెనక వస్తున్నవాళ్ళలో నాన్న కోసం చూసింది.