బెళ్ళందూరుకు నాకంటే ముందు చేరిన ఓటు

ఆదివారం ఉదయం ఆరున్నరకు హిందూపురంలో రైలెక్కాను. బెంగుళూరు బెళ్ళందూరులో మా అమ్మాయి సుజాత కాపురముంటున్న ఫ్లాటు నా పేరు మీద ఉంది. అక్కడి ఓనర్ల సంఘం సర్వసభ్య సమావేశం ఆ రోజు పదకొండింటికి. "కోరం సరిపోవడం లేదంట నాన్నా, ఓనరే వచ్చి సంతకం పెట్టాలంట" అని సుజాత ఫోను చేసింది. ఒకప్పుడు మా ఊరి పంచాయతీలో వార్డు మెంబరుగా చేసినవాణ్ణి. మీటింగంటే నాకు పెళ్ళి భోజనమే. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాను.

ఆదివారం కాబట్టి కిటికీ సీటు దొరికింది. ఎదుటి సీట్లో ఉన్న యువకుడు బెంగుళూరు శివార్లలోని హెబ్బగోడిలో ఫ్యాక్టరీ పని చేస్తాడట, గది కూడా అక్కడేనట. "ఓటెక్కడ నాయనా?" అని అడిగాను.

"ఊర్లో సార్. నీళ్ళు రాకుంటే హెబ్బగోడిలో అడగాల. ఆడేమో నాకు ఓటు లేదు. ఓటుండే చోట నేనుండను."

చిత్రాన్నం పొట్లం విప్పి ఇద్దరం పంచుకున్నాం.

బెంగుళూరులో దిగి, మెజెస్టిక్‌లో బస్సు పట్టుకుని పదిన్నరకు బెళ్ళందూరు చేరాను. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: బస్సు దిగాక అపార్టుమెంటు వెనక గేటే దగ్గర. ముందు గేటుకు పోవాలంటే ఎండలో చాలా దూరం చుట్టు తిరగాలి. నేను వెనక దారినే వెళ్ళాను. గేటు దగ్గర గంగమ్మ ఎదురైంది. మా అమ్మాయింట్లోనూ, మరి కొన్ని ఇళ్ళలోనూ వంట చేస్తుంది. గేటుకవతల ఉన్న పాత ఊరే ఆమె పుట్టిల్లూ మెట్టినిల్లూ.

"వస్తిరా అప్పా? ఈ గేటు మూసేస్తారంట, ఈ పొద్దు మీటింగ్‌లో. మా ఆయన పక్షవాతమొచ్చి మంచంలో ఉండాడు. మధ్యాన్నం పని నడుమ పరిగెత్తిపోయి ఇంత ముద్ద తినిపించి వస్తా. చుట్టు తిరిగిపోవాలంటే యాడ కుదురుతాదప్పా?"

"అవతలి దోవ ఎవరిదమ్మా? వాళ్ళనడిగితే?"

"నా చిన్నప్పుడు పంచాయితీది. ఆమేల సిటీ అన్నారు. ఇప్పుడింకేదో కార్పొరేషనంట. బోర్డు మారతానే ఉండాది. ఎవుర్నడగాలో తెలీదు."

"వాళ్ళెందుకు? మూసేది మేము. నాకు ఓటుంది, నోరుంది" అని ధైర్యం చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది. నాకు మళ్ళీ మెంబరునైనంత ఉత్సాహం వచ్చింది.

హాల్లో సంతకం పెట్టి ముందు వరసలో కూర్చున్నాను. గేటు సంగతి రాగానే లేచాను. "మా ఊళ్ళో దోవ తగాదా వస్తే ముందు ఆ దోవన నడిచేవాళ్ళను పిలిపించి అడుగుతాం. వాళ్ళ మాట విన్నాక ఓటు పెడదాం" అన్నాను.

కార్యదర్శి విజయవాడ కుర్రాడు, మర్యాదస్తుడు. "అంకుల్, ఓటింగ్ నిన్ననే యాప్‌లో అయిపోయిందండి. ఇది జస్ట్ రిజల్ట్ చెప్పడానికే. మీ ఫ్లాట్ ఓటు కూడా పడింది కదా, క్లోజ్ చేయమని."

"నేనిప్పుడే కదా వచ్చింది?" అన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఓటు ముందు, మీటింగు తర్వాత! నేను ఓనర్నే, ఓటు నాదే, వేసింది మాత్రం నేను కాదు. మరి సంతకం దేనికో. సమోసా చేతిలో పెడితే తిన్నాను.

పైకెళ్ళి సుజాతను నిలదీశాను. "మీకెందుకు శ్రమ అని నేనే వేశాను నాన్నా. శుక్రవారం మీ ఫోన్‌కి ఓటీపీ వస్తే అమ్మ చదివి చెప్పింది. మీరు స్నానం చేస్తున్నారంట" అంది. బ్యాంకుదైనా గ్యాసుదైనా మా ఇంట్లో ఓటీపీ చదివేది మా ఆవిడే.

"గంగమ్మ మొగుడి సంగతి?"

"తెలుసు నాన్నా. కానీ ఆ గేట్లోంచి ఎవరెవరో వస్తున్నారు. బాబు అక్కడే సైకిల్ తొక్కుతాడు. నేనేం చెయ్యను?"

కోపం వచ్చింది గాని, మనవడి సైకిలు ఎదురుగానే ఉంది.

మూడింటికి తిరుగు ప్రయాణం. వెనక గేటుకు అప్పుడే గొలుసు వేశారు. ముందు గేటు నుంచి చుట్టు తిరిగి బస్‌స్టాపుకు నడుస్తుంటే గంగమ్మ వెనక నుంచి వచ్చి కలిసింది. చేతిలో అన్నం డబ్బా. ఆ పూట భోజనం అప్పుడు వెళ్తోంది.

"మీరు మా కోసం లేచి మాట్లాడినారంట, వాచ్‌మన్ చెప్పినాడు. పోనీలే అప్పా. మీ ఒక్క ఓటన్నా మా పక్క పడింది కదా, అదే పదివేలు."

నిజం చెప్పాలని నోరు తెరిచాను. ఇంతలో బస్సు వచ్చింది. ఎక్కేశాను.

దేశంలో మనిషికో ఓటంటారు, అక్కడ ఫ్లాటుకో ఓటు. గేటు అవసరమైనవాళ్ళకు అసలు లేదు. ఇందులో ఏది ప్రభుత్వమో, ఎవరు ప్రజలో రైలు దొడ్డబళ్ళాపురం దాటినా నాకు తేలలేదు. అప్పుడే మా ఆవిడ ఫోను చేసింది.

"మీటింగు బాగా జరిగిందా? మీ ఓటు మీరేసినారా?"

"శుక్రవారమే వేసినావు కదే" అన్నాను.

"నేనా? ఎవరికి?" అంది.

ఆ ఓటు పడింది ఎవరి మీదో, ఆ గంగమ్మ మొగుడి పేరు చెబుదామనుకున్నాను. ఆ పేరే నాకు తెలియదు.