మా అన్న వేలిముద్ర పైనున్న మాట

మొన్న లా చదువుతున్న మా మనవరాలు వసారాలో కూర్చుని, ముద్దాయి మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకున్నా, ఆ మాట ఇష్టపడి చెప్పాడో లేదో కోర్టు చూసి తీరాలని పైకి చదువుతుంటే, చింతపండు గింజ తీస్తున్న నా చెయ్యి ఆగిపోయింది.

సాగర్ డ్యాముకు రాయి కొట్టే రోజులు మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. మాచర్ల పక్క క్వారీలో సమ్మెట కొట్టే మా అన్న ఒకనాడు తోటి పనివాడితో అందరి ముందూ జగడమాడాడు. మర్నాడు తెల్లారేసరికి ఆ మనిషి క్వారీ గుంతలో తల పగిలి చచ్చి ఉన్నాడు. అన్న ఆ రాత్రంతా జ్వరంతో ఇంట్లో మూలుగుతుంటే తడిగుడ్డ వేసింది నేనే. చెల్లెలి మాట ఎవరు నమ్ముతారు? పోలీసులు అన్నను పట్టుకుపోయారు.

మా పేటలో ఎవరిమీదైనా నింద పడితే ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే సంఘం పెద్దల ముందు నిలబడి తప్పు నాదే అనేవాళ్లు, పెద్దలు ప్రార్థన చేసేవాళ్లు, ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు. గొడవ తెగిపోతుందని చేయని తప్పులు ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. కోర్టూ అంతేననుకున్న మొద్దుదాన్ని నేను.

గురజాల సబ్‌జైలుకు జొన్నరొట్టె పట్టుకెళ్లి, "ఒప్పుకో అన్నా, ఇంటికి పంపిచ్చేస్తారు" అన్నాను.

"ఏందే నువ్వు చెప్పేది? చేయందాన్ని ఎట్టా ఒప్పుకునేది?"

"అమ్మ మంచం పట్టింది. నాకోసం ఒప్పుకో."

అన్న రొట్టె తుంచి సగం నాకే ఇచ్చి, "తిను ముందు, ఎండుచేపలాగా అయినావు" అని నవ్వాడు.

మేజిస్ట్రేటు ముందు ఒప్పుకున్నాడు. తర్వాత పెద్ద కోర్టులో తను చేయలేదని ఎంత మొత్తుకున్నా మొదటి మాటే నిలిచింది, యావజ్జీవం పడింది. ఏడో ఏట జైల్లోనే పోయాడు.

నలభై దాటాక చర్చి ఆడవాళ్ల బడిలో అక్షరాలు దిద్ది, ట్రంకుపెట్టెలో దాచిన వాంగ్మూలం నకలు వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. ఒప్పుకోమని నీకెవరైనా చెప్పారా అని మేజిస్ట్రేటు అడిగాడట. ఎవరూ చెప్పలేదండీ అన్నాడట మా అన్న. దాని కిందే వేలిముద్ర. ఆ కాగితంలో రెండు అబద్ధాలున్నాయి. మొదటిది నేను ఆడించింది, రెండోది నన్ను దాచడానికి తనంతట తానాడింది.

ఇప్పుడు మా చర్చికి పాలరాయి పరిచారు, మైకులు పెట్టారు, ఆదివారం ఎవరూ లేచి తప్పు నాదే అనరు. మంచిదే. కాకపోతే నిలబడి చెప్పాల్సిన తప్పు నా దగ్గర ఒకటి మిగిలిపోయింది, వినాల్సిన పెద్దలంతా సమాధుల దొడ్డికి చేరారు.