బొటనవేలంత సొట్ట

కాశప్పకు కళ్లకంటే అరచేయి మీద నమ్మకం ఎక్కువ. బీదర్‌లో కార్ల సొట్టలు తీసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు గానీ, కళ్లు మూసుకుని రేకు మీద చేయి జరిపి, ఎక్కడ ఎంత లోపలికి పోయిందో చెప్పగలిగేవాడు అతనొక్కడే. ఖటక్ చించోళిలో తాతల కాలం నుంచి జొన్న పండించుకుంటున్న తెలుగు కుటుంబం వాళ్లది. చదువు కన్నడంలో, బేరాలు ఉర్దూలో, తిట్లు మాత్రం తెలుగులో. పంతొమ్మిదో ఏట బీదర్ వచ్చి రాచయ్య షెడ్డులో చేరాడు. అరవై రెండేళ్లు వచ్చినా ఆ సుత్తి వదల్లేదు.

రాచయ్య అతనికి పనితోపాటు ఒక నియమం కూడా నేర్పాడు. మనిషి చచ్చిపోయిన బండిని పూర్తిగా సాపు చేయకూడదు. దెబ్బ తగిలిన వైపు ఒక్కచోట, బొటనవేలు ఆనేంత సొట్ట వదలాలి. అందులో పుట్టీ నింపకూడదు, పైన రంగు వేసి ఊరుకోవాలి. అది బండి యజమాని కంట పడదు.

"పోయినోడు ఒకసారి మళ్లొస్తడు," అనేవాడు రాచయ్య. "తనకు యాడ తగిలిందో ఎతుక్కుంటడు. దొరికితే పోతడు. దొరకకుంటే ఆ బండిలనే కూసుంటడు."

కాశప్ప అది నమ్మాడో లేదో అతనికే తెలియదు. కానీ తప్పకుండా పాటించాడు, ఒక్క బండి విషయంలో తప్ప.

అది పాత శార్దూల్ కారు. గుండ్రటి దీపాలు, ఉబ్బెత్తు నుదురు, కూర్చుంటే సోఫాలా దిగబడే సీట్లు. ఒకప్పుడు బీదర్ బస్టాండు ముందు టాక్సీలన్నీ అవే. తొంభై ఒకటిలో కాశప్ప భార్య దేవమ్మ తమ్ముడు మొగులప్ప అలాంటి టాక్సీలో జహీరాబాద్ వెళుతూ, డ్రైవరు పక్కన ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఆగి ఉన్న చెరుకు లారీని కారు గుద్దింది. డ్రైవరు బతికాడు. మొగులప్పకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు.

బాగుచేయడానికి కారు కాశప్ప షెడ్డుకే వచ్చింది. వద్దనలేదు. వేరేవాళ్ల చేతిలో పెట్టడం అతనికి ఇష్టం లేకపోయింది. పదకొండు రోజులు కొట్టాడు. ఎడమ మడ్‌గార్డు మీద, దీపం వెనక జానెడు దూరంలో, బొటనవేలంత చోటు వదిలాడు. యజమాని దాన్ని హైదరాబాద్ వాళ్లకు అమ్ముతున్నాడు. చూడటానికి వచ్చి, ఎండలో బండి చుట్టూ తిరిగి, సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు.

"గిదేంది కాశప్పా? గింత పనిమంతుడవంటరు, గింత సొట్ట కనవడలేదా?"

చుట్టుపక్కల షెడ్లవాళ్లు నవ్వారు. కాశప్పకు చెవులు ఎర్రబడ్డాయి. సంగతి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. సుత్తి తీసుకుని పావుగంటలో దాన్ని అద్దంలా చేసి పక్కకు జరిగాడు.

ఆ సాయంత్రం దేవమ్మ అడిగింది. "మా తమ్మునికి చోటు పెట్టినవా?"

"పెట్టిన," అన్నాడు.

ఆమె మళ్లీ అడగలేదు. కానీ ఏటా తమ్ముడి తిథినాడు విస్తరిలో అన్నం పెడుతూ, "వానికి తావు దొరికింది, అంతే చాలు," అనుకునేది. కాశప్ప ఆ మాట వినపడనట్టు పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కునేవాడు. అలా ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి.

కాశప్ప ఇంటి మేడమీద నితీష్ అద్దెకుండేవాడు. సిద్దిపేట కుర్రాడు, బీదర్‌లో బ్యాంకు ఉద్యోగం, కార్ల పిచ్చి. ఒక ఆదివారం పొద్దున ఫోను పట్టుకుని షెడ్డుకు వచ్చాడు.

"మామా, శార్దూల్ మళ్లొస్తాంది! చూడు."

ఎప్పుడో మూతపడ్డ శార్దూల్ కంపెనీని ఎవరో కొని, కొత్త బండి నమూనా తయారుచేశారు. అటు కారూ కాదు, ఇటు జీపూ కాదు. ఎత్తుగా, లావు టైర్లతో ఉంది. ముఖం మాత్రం పాతదే, గుండ్రటి దీపాలు, ఉబ్బెత్తు నుదురు.

పక్క షెడ్డు మెకానిక్ నాగేశ్ ఫోను లాక్కుని చూశాడు. "తాతకు జీన్ ప్యాంటు తొడిగినట్టుంది. గీ మొహం చూసి బర్రెలు బెదురుతయ్."

"నీకేం తెల్సు నాగేశన్నా? హైదరాబాద్‌ల సగంమంది పడి చస్తుండ్రు."

"మిగిలిన సగం?"

"తిడుతుండ్రు," అని ఒప్పుకున్నాడు నితీష్. "పాత బండి పరువు తీసిండ్రని. మామా, నువ్వు చెప్పు. ఎట్లుంది?"

కాశప్ప కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. "ఎడమ దిక్కు చూపెట్టు," అన్నాడు. నితీష్ వేలితో జరిపాడు. మామూలుగానే ఉంది. ఆ తర్వాతి బొమ్మలో పాత శార్దూల్ ఒకటి తళతళలాడుతూ కనిపించింది.

"దీన్నే కొలతలు తీసి కొత్తది చేసిండ్రంట. రెండూ పక్కపక్కన పెట్టిండ్రు, మాదాపూర్‌ల. ఈ వారమంతా ఉంటదట."

చాయ్ గ్లాసులతో వచ్చిన దేవమ్మ ఫోనులోకి వంగింది. ఆమెకు కన్నడం, తెలుగు అక్షరాలేవీ రావు. అంకెలు మాత్రం వచ్చు. నంబరు పలక మీది నాలుగంకెలు ఒక్కొక్కటే పైకి చదివి గ్లాసులు కింద పెట్టింది.

"ఇది మావోని బండి. నన్ను తీస్కపో నితీషూ. వాని చోటు నేనొక్కపాలి చేత్తోని చూడాలె."

కాశప్ప చాయ్ చల్లారిపోయింది.

శనివారం నితీష్ కారులో బయల్దేరారు. కాశప్ప ముందు సీట్లో, దేవమ్మ వెనక కూర్చున్నారు. కాశప్ప లాల్చీ జేబులో గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తి ఉంది. దేవమ్మకంటే ముందు ఆ బండిని చేరాలి. ఎడమ మడ్‌గార్డు మీద ఒక్క దెబ్బ వేయాలి, ఎవరూ చూడకుండా. అరవై రెండేళ్లవాడు చేసే పనేనా అని జహీరాబాద్ దాకా తనను తానే తిట్టుకున్నాడు గానీ, సుత్తి మీంచి చేయి తీయలేదు.

హాలు గేటు దగ్గర కాపలావాళ్లు జేబులు తడిమి సుత్తి తీసేసుకున్నారు. బదులుగా చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఇచ్చారు. పోయేటప్పుడు చూపించి తీసుకోమన్నారు.

లోపల చలిగా ఉంది. కొత్త బండి ముందు పడుచువాళ్లు ఫొటోలు దిగుతున్నారు. కొందరు మురిసిపోతున్నారు, కొందరు పెదవి విరుస్తున్నారు. పాత శార్దూల్ దగ్గర ఎవరూ లేరు. దేవమ్మ తిన్నగా దాని దగ్గరికే నడిచింది. అక్కడ నిలబడ్డ మధులిక అనే అమ్మాయి, కంపెనీ ఉద్యోగి, ముట్టుకోవద్దనబోయి ఆమె ముఖం చూసి తాడు పక్కకు జరిపింది.

దేవమ్మ ఎడమ మడ్‌గార్డు మీద బొటనవేలు ఆనించి దీపం నుంచి వెనక్కి జరిపింది. మళ్లీ ముందుకు. కొంచెం కిందికి. మళ్లీ పైకి. కాశప్ప ప్లాస్టిక్ బిళ్లను గుప్పిట్లో నలుపుతూ నిలబడ్డాడు. ఆ రేకు ఎంత నున్నగా ఉందో అతనికి చూడకుండానే తెలుసు.

"యాడుంది?" అంది ఆమె వెనక్కి తిరగకుండా.

"లేదు, దేవమ్మా."

"పెట్టిన అన్నవు గద."

"పెట్టిన. ఓనరు నగిండు. అందరి ముంగట పని రాదన్నడు. తీసేసిన."

ఆమె వేలు రేకు మీదే ఆగిపోయింది. "అయితే ఇరవై ఎనిమిదేండ్ల సంది వాడు ఈ బండిలనే కూసున్నడా?"

ఆమె కొంగుతో బండి మీది వేలిముద్రలు తుడిచి, కొత్త బండి పక్కనుంచి దారి తీసింది. గోడ పట్టుకుని నడిచినట్టు దాని ఎడమ వైపు చేయి ఆనించి నడుస్తోంది. దీపం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"ఇట్రా," అంది.

ఆమె బొటనవేలు లోపలికి ఆని ఉంది. కాశప్ప ఆమె చేయి తీసి తన వేలు పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. దీపం వెనక జానెడు దూరం. అదే లోతు. యజమాని నవ్వకముందు తను వదిలిన చోటు.

"అది డిజైన్ కాదండీ," అంది మధులిక గొంతు తగ్గించి. "ఇక్కడికి వచ్చాక పడింది. రెండుసార్లు నింపారు. ఏసీకి లోపలికి గుంజుకుపోతోందట."

పుట్టీ గుంజుకుపోతే ఎలా ఉంటుందో కాశప్పకు తెలుసు. అంచులు పగులుతాయి, పల్లం వెడల్పుగా పరుచుకుంటుంది. ఇది పగల్లేదు. అంచు గుండ్రంగా, శుభ్రంగా ఉంది, పని తెలిసిన చేయి వదిలినట్టు.

దేవమ్మ నల్లటి అద్దంలోకి తొంగి చూస్తోంది. "లోపల ఎవరున్నరమ్మా?"

"ఎవరూ లేరమ్మా. తలుపులు తెరుచుకోవు, సీట్లు కూడా లేవు. ఊరికే పైడొల్ల."

దేవమ్మ తల ఊపింది గానీ అద్దం దగ్గర్నుంచి వెంటనే కదల్లేదు.

బయటికి పోయే దారిలో అందరి చేతా అభిప్రాయం రాయిస్తున్నారు. నచ్చిందా, నచ్చలేదా? కింద ఒక గీత, మార్పులేమైనా చేయాలనుకుంటే రాయడానికి. ఇప్పటిదాకా సరిగ్గా సగం సగం వచ్చాయని మధులిక చెప్పింది. నితీష్ 'నచ్చింది' దగ్గర గట్టిగా టిక్కు పెట్టాడు. కాశప్ప రెండింటినీ వదిలేసి, కింది గీత మీద కన్నడ అక్షరాల్లో ఒక్క వాక్యం రాశాడు.

"ఏం రాశారండీ?"

"ఎడమ మడ్‌గార్డు మీదిది నింపొద్దని రాసిన. మీ పెద్దోళ్లకు చెప్పు తల్లీ. మళ్లొకపాలి నింపితే మంచిగుండదు."

మధులిక నవ్వబోయి ఆగింది. కాగితాన్ని మిగతావాటితో కలపకుండా విడిగా పెట్టింది.

గేటు దగ్గర బిళ్ల ఇచ్చి సుత్తి తీసుకున్నాడు. కారు దగ్గర అలవాటుగా ముందు తలుపు తీయబోతే దేవమ్మ చేయి పట్టుకుంది.

"ముందల కూసోకు. ఎన్కకు రా."

ఇద్దరూ వెనక కూర్చున్నారు. నితీష్ అద్దంలోంచి చూసి, "నన్ను డ్రైవర్ని చేసిండ్రా అత్తా?" అన్నాడు.

పటాన్‌చెరు దాటి ఎండలో పోతుంటే కారు టంగుటంగుమని మోగడం మొదలుపెట్టింది. నితీష్ తన బెల్టు చూసుకున్నాడు. పెట్టుకునే ఉన్నాడు. ముందు అద్దం కింద ఎర్ర దీపం వెలుగుతోంది. పక్క సీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదని గుర్తు.

"సెన్సార్ ఖరాబైనట్టుంది," అన్నాడు. ఖాళీ సీటును అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. మోత ఆగలేదు.

దేవమ్మ ఒడిలోని సంచి కాశప్పకిచ్చి ముందుకు వంగింది. ఎడమ సీటు బెల్టు లాగి, ఎవరి మెడకో ఒరుసుకుంటుందేమోనన్నంత మెల్లగా అడ్డంగా తెచ్చి బిగించింది.

మోత ఆగింది.

నితీష్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని రోడ్డు వైపు తిరిగాడు. దేవమ్మ వెనక్కి జారగిలి, సీటు మీద ఆనించి ఉన్న కాశప్ప చేతిని చాలాసేపటి తర్వాత తన చేతిలోకి తీసుకుంది.

"చెరుకు లారీలుంటయ్," అంది నితీష్‌తో. "మెల్లగ పోనియ్యి బిడ్డా."