కందికొత్త కాకముందే

మా వెబ్‌సైటులో ఏ వ్యాసం పైన ఉండాలో, ఏది కింద ఉండాలో తేల్చడం నా ఉద్యోగం. మా వదిన ఈ మాట విని, పేకముక్కలు సర్దినట్టా అని అడిగింది. అప్పటినుంచి ఆవిడతో మాటలు తగ్గించాను.

అరకులో మందుల షాపు మీద ఒక గది మా ఆఫీసు. కొండ ఊళ్ల వంటలూ పండగలూ రాసిపెట్టే చిన్న సంస్థ. ఊరూరా తిరిగి సంగతులు తెచ్చేది నా తోటి ఉద్యోగిని. డుంబ్రిగుడ పక్క కొండ ఊరి పిల్ల, నాకంటే బాగా చిన్నది. వాటిని ఎక్కించి, ఒక్కోదానికీ వరస నంబరు ఇచ్చేది నేను. చిన్న నంబరు ఉన్నది పేజీలో పైకొస్తుంది. ఇంతే సంగతి. ఇంతమాత్రానికే ఇద్దరం ఏళ్లతరబడి దెబ్బలాడుకున్నాం.

నాది అక్షరక్రమం. చదువొచ్చిన మనిషికి వెతుక్కోగానే దొరకాలి. ఆమెది పండగల క్రమం. వాళ్లలో ఏ పంట చేతికొచ్చినా ముందు దేవతకు పెట్టి, దాని పేరున కొత్త పండగ చేశాకే నోట్లో పెట్టుకుంటారు. కొర్రకొత్త, చిక్కుడుకొత్త, కందికొత్త, దేని వంతు దానిదే. కందికొత్త కాకుండా కంది గుగ్గిళ్ల వ్యాసం పైన కనబడితే ఆమెకు ఒళ్లు మండిపోయేది.

"ఏటక్కా, సేలో కంది ఇంకా పూత మీదుంది. నువ్వప్పుడే వడ్డించేసినావేటి?"

"కంప్యూటర్లో కందికి పూతేటే?"

"మా ముసిలోళ్లు ఫోన్లో సూత్తారు. ఈ మేడమ్‌కి ఆకలాగలేదనుకుంటారు."

నవ్వొచ్చినా నవ్వేదాన్ని కాదు. నెట్ పోయిందంటే తగువు ఇంకా ముదిరేది, చేతిలో పని ఉండదుగా. రాజీ అన్నది ఎప్పుడూ లేదు. పొద్దున్న నేను నంబర్లు మారుస్తాను. నేను అన్నానికి వెళ్లగానే ఆమె తన లాగిన్‌తో మళ్లీ తన వరసలోకి తెచ్చేస్తుంది. వచ్చి చూసి మళ్లీ మొదలుపెడతాను.

మొన్నటి వానల్లో ఆమెకు పార్వతీపురంలో సర్కారు ఉద్యోగం వచ్చింది. నేను పుట్టి పెరిగింది అక్కడే. కొండ మనిషి కిందికి దిగిపోయింది, కింది మనిషిని నేను కొండ మీద మిగిలాను. వెళ్లే రోజైనా మంచిగా మాట్లాడుకున్నామా అంటే అదీ లేదు. ఇకమీదట నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో అంది. పెట్టుకుంటాను అన్నాను.

పెట్టుకున్నాను. పేజీ మొత్తం అక్షరక్రమంలో, ఎంత శుభ్రంగా ఉందో. చూపించడానికి మనిషి లేదు. ఆమె కుర్చీలో ఎవరినీ వెయ్యలేదు. విశాఖలో ఉన్న మా పెద్దాఫీసువాళ్లు నేనేం చేసినా ఓకే మేడమ్ అని మెసేజ్ పెడతారు. ఓకే అనేవాళ్లతో ఏం మాట్లాడతాం? పచ్చగా విరిసిన వలిసె పూల చేలలో ఫొటోలు దిగడానికి వచ్చినవాళ్ల కార్లు కింద రోడ్డు మీద హారన్లు కొడుతూనే ఉంటాయి. టీకొట్టాయనతో పంచదార ఎక్కువైందని తగువు పెట్టుకుని చూశాను. ఆయన మర్నాడే తగ్గించేశాడు. ఆ దారీ మూసుకుపోయింది.

ఆమెకు ఫోన్ చెయ్యొచ్చు. చేసి ఏమనాలి? బాగున్నావా అని మేం ఎప్పుడూ అడిగి ఎరగం.

అందుకని ఒక పని చేశాను. కావాలనే. కంది గుగ్గిళ్లకు ఒకటో నంబరు ఇచ్చి అన్నిటికంటే పైకెక్కించాను. నా అక్షరక్రమంలో కూడా అది అక్కడికి రాదు, దానికి ముందు ఆనపకాయ ఉంది. కందికొత్త ఇంకా చాలా దూరం. ఆమె కంటపడితే ఊరుకోదు, ఫోన్ చేసి దులిపేస్తుంది. దులపాలి. బాత్రూముకి వెళ్లినా ఫోన్ చేత్తో పట్టుకునే వెళ్లాను.

ఆ వారమంతా ఫోన్ రాలేదు. కొత్త ఉద్యోగం, కొత్త జనం, ఈ సైటు ఎందుకు చూస్తుందిలే అనుకున్నాను. చూస్తుంది అని నాకు నేనే ఎదురు చెప్పుకున్నాను. ఆ వాదనలో ఎవరు గెలిచినా నాకేం సంతోషం లేదు.

సంత రోజు ఆలస్యంగా వచ్చి పేజీ తెరిస్తే పైన కంది లేదు. కిందికి జరుపుకుంటూ వెళ్లాను. పేజీ అంతా మళ్లీ పండగల వరసలో ఉంది. కొర్రలు, సామలు దాటాక, చిక్కుడు కింద, కంది తన చోట తాను కూర్చుని ఉంది. చివరగా మార్చినవారు అన్నచోట ఆమె పేరు. ఆ లాగిన్ తీసెయ్యమని విశాఖవాళ్లు ఎప్పుడో చెప్పారు. నేను తియ్యలేదు. ఫోన్ లేదు, మెసేజ్ లేదు. ఆ మార్పు ఒక్కటే.

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. కందికి మళ్లీ ఒకటో నంబరు ఇచ్చి, సేవ్ చేసి, ఆకలి లేకపోయినా అన్నానికి వెళ్లాను.