మంత్రిని బజార్ల తిప్పొద్దన్న మనిషి

మా సడ్డకుడు పోయాడన్న కబురు నాకు ఇంట్లోవాళ్ళు చెప్పలేదు. బొంగులూరులో ఇళ్ళ ప్లాన్లు గీసే అమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసి, "సేటు, అన్న పోయిండు" అంది. ఆయన భార్య నా భార్యకు సొంత చెల్లెలు. అయినా దవాఖాన నుంచి మొదటి ఫోను మా చదరంగం క్లబ్బువాళ్ళకే వెళ్ళింది. దుఃఖం కంటే ముందు నాలో కదిలింది అసూయే. ఆయన బతికున్నన్నాళ్ళూ నాకు అలవాటైన అసూయ అది. ఆయన ఊరు మంచాలలో పాడె పట్టడానికి కూడా నా వంతు కోసం ఆగాల్సి వచ్చింది.

ఇబ్రహీంపట్నంలో ఆ క్లబ్బు పెట్టింది నేను. నా సిమెంటు దుకాణం పైన గది నాది, బోర్డులు నావి. ఆయనకు ఆట నేర్పింది కూడా నేనే. పెళ్ళయిన కొత్తలో, అత్తగారింట్లో పొద్దుపోక, గుర్రం ఎట్లా నడుస్తుందో చూపించాను. ఆయన మంచాల దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. ఆదివారం బస్సు దిగి నేరుగా నా మెట్లెక్కేవాడు. మేమిద్దరం ఆడితే గెలుపు ఎప్పుడూ నాదే. కొన్నాళ్ళకే అందరూ ఆయన చుట్టూ చేరారు. నా గదిలో కూర్చుని నన్ను సేటు అని, ఆయన్ని అన్న అని పిలిచేవాళ్ళు.

వచ్చేవాళ్ళంతా మామూలు ఆటగాళ్ళు. తప్పులు కూడా అందరివీ ఒకటే. ఆట మొదలవగానే మంత్రిని బయటకు తెచ్చి చెక్ చెప్పాలన్న తొందర. ఒకే గుర్రాన్ని అటూ ఇటూ తిప్పడం, అంచున ఉన్న సిపాయిల్ని ఊరికే తోయడం, రాజును నడిమధ్యన వదిలేసి మరిచిపోవడం. నేను ఆరంభాల పేర్లు చెప్పి, ఎత్తుల వరుసలు బట్టీ పట్టించేవాణ్ణి. ఆయనేమో, "మంత్రిని అప్పుడే బజార్ల తిప్పకు. ఇంట్ల గుర్రాలు, ఒంటెలు ఇంకా నిద్ర లేవలె" అనేవాడు. గదంతా నవ్వేది. ఆ నవ్వుతోనే పాఠం వాళ్ళ తలకెక్కేది. అంత సులువైన మాట నాకెందుకు తోచలేదా అని ఇంటికి పోయేదాకా కుమిలేవాణ్ణి.

ఆ బొంగులూరు అమ్మాయి మొదట నా దగ్గరే నేర్చుకుంది. నేను చెప్పిన వరుస పొల్లుపోకుండా ఆడేది. ఎదుటివాడు వరుస తప్పితే మాత్రం ఏం చేయాలో తెలిసేది కాదు. ఒక ఆదివారం అలాగే ఓడి సంచి సర్దుకుంటుంటే ఆయన పిలిచి కూర్చోబెట్టాడు. ఆ ఆటనే మొదటి నుంచి మళ్ళీ ఆడి చూపించమన్నాడు. తప్పు ఇదిగో అని వేలు పెట్టి చూపడం ఆయన పద్ధతి కాదు. పావుల్ని ముట్టుకునేవాడే కాదు. ఏం చూసి ఆ ఎత్తు వేశావని అడుగుతూ పోయేవాడు, అంతే. ఒకచోట ఆ అమ్మాయి చెయ్యి ఆగింది. సేటు చెప్పాడని వేశానంది.

ఆయన నా వైపు చూడలేదు. "సేటు చెప్పింది మంచిదే బిడ్డా. గని ఎందుకు మంచిదో నీకు తెల్వకుంటే అది నీ ఎత్తు కాదు" అన్నాడు.

నన్ను కాపాడుతూనే అన్నాడు. అందుకే మరీ మండింది.

తర్వాత పెద్ద అంబర్‌పేట్‌లో జరిగిన పోటీలో నాకూ ఆ అమ్మాయికీ ఆట పడింది. ఆమె తొందరపడలేదు. గుర్రాలు, ఒంటెలు ముందుకు తెచ్చి, రాజును ఏనుగు చాటున కోటలో దాచి, నేను దాడికి తెచ్చిన మంత్రిని తరిమి తరిమి పట్టుకుంది. నాతో మర్యాదగా చెయ్యి కలిపి, ఫోన్ తీసుకుని బయటకు నడిచింది. ఎవరికి చేస్తోందో నేను అడగనక్కర్లేదు.

ఆయన దవాఖానలో చేరాక ఆదివారాలు నేనే పాఠం చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు. లేచేటప్పుడు మాత్రం అన్నకు ఎట్లుందని అడిగారు. ఒకరోజు బోర్డు పట్టుకుని చూడటానికి వెళ్తే అక్కడా మంచం చుట్టూ వాళ్ళే. వాళ్ళు వెళ్ళేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి వెళ్ళాక, ఏళ్ళ తరబడి గొంతులో ఉన్న మాట అడిగేశాను.

"ఊరందరికి చెప్పినవ్ తమ్మీ. నా ఆటల తప్పులు నాకెందుకు చెప్పలే?"

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నువ్వెన్నడు అడగలే గద అన్నా. గెలిచి లేచిపోయెటోనివి."

ఆ మాటతో నా అసూయ ఆయన మీద నుంచి జరిగి క్లబ్బువాళ్ళ మీదికి పోయింది. ఓడిపోయి ఆయన ఎదుట కూర్చున్న ప్రతి ఒక్కరి మీదికీ. వాళ్ళకు అన్ని ఆదివారాలు దక్కాయి, నాకు ఒక్క మధ్యాహ్నం. అదైనా ఇచ్చి పోయాడు, ఆయనకు దండం.

నేను పెద్ద అంబర్‌పేట్‌లో ఓడిన ఆట పేర్చమన్నాడు. పేర్చుకుంటూ పోయి, మంత్రిని బయటకు తీసిన చోట ఆగాను. సెలైన్ సూది ఉన్న చేత్తో ఆయన బోర్డు అంచు పట్టుకుని, ఒక్క పావు ఒరగకుండా మెల్లగా తిప్పాడు. ఆ అమ్మాయి నల్ల పావులు నా ముందుకు వచ్చాయి. ఆయన బోర్డు చూడలేదు. దిండుకు ఆనుకుని, నా తప్పు నాకు ఎప్పుడు కనిపిస్తుందా అని నా మొహమే చూస్తూ ఉండిపోయాడు.